ఓడ గుడ్డకు వాసన పోయినప్పుడు

"అవ్వా, మేము చేసేది కెమెరా, ప్రోగ్రాము. దేశదేశాల వ్యాపారం పాఠం మాకెందుకు, నువ్వే చెప్పు."

చెప్తా. ముందు నేను ఒకటి అడగతా కావ్యా, నువ్వూ నీ జతోళ్ళిద్దరూ నా మొగం చూసి చెప్పండి. పొద్దున్నుంచీ మీ నాయన మగ్గం మింద కట్టిపెట్టినారే ఆ కెమెరా పెట్టె, అది ఎవరి కోసరం చేసినారు?

నేతోళ్ళ కోసరమా. సరి. నేతోడు గుడ్డ ఎవరికి ఇస్తాడు? తిరువళ్ళూరు ఎక్స్‌పోర్టాయనకి. అదీ సరే. ఆయన యాడికి పంపిస్తాడు? ఆడ కొనేది ఎవురు? కట్టుకుంటారా, మంచం మింద పరుచుకుంటారా, కిటికీకి యేలాడదీస్తారా? ఏమ్మే కావ్యా, కాలేజీ డిబేట్లో మైకిస్తే వదలవంట, ఇప్పుడేమి గోడ చూస్తా ఉండావు?

తెలీదు కదా. నాకూ తెలీదులే. తెలీదనేది తప్పేం కాదు. తెలీకుండానే సోమవారం పొయ్యి ఆయన ముందర పెట్టె తెరుస్తామంటా ఉండారే, ఆడ ఉండాది నా భయం. ఆయనకు నచ్చితే ఊళ్ళో ప్రతి మగ్గానికీ ఒకటి పెట్టిస్తాడంట, నువ్వే చెప్తివి. అది కుయ్‌మన్న చోటంతా తప్పు. తప్పున్న గుడ్డ వెనక్కి. ఈ పొద్దు మీ నాయన నేసిన దాని మింద అది ఎన్నిసార్లు కుయ్‌మనిందో విన్నావు కదా, పిట్టల గుంపు వాలినట్ల. మీ నాయన నవ్వి మళ్ళా నేతలో పడినాడు. కూతురు చేసిన మిషను, ఏమంటాడు పాపం.

ఈ హరీష్ అబ్బోడు ఏమన్నాడు, వ్యాపారమంతా ఎంబీయే చదివినోళ్ళు చూసుకుంటారు, మన వేలై, అదే మన పని, మనం చేస్తే చాలని. అచ్చం ఇదే మాట మా అన్న అన్నాడు నాయనా. ఇదే నడవలో, ఇది నా పుట్టినిల్లే కదా, ఆ దూలం కింద నిలబడి. అందుకే చెప్తా ఉండా, ఊరక చెప్పడంలా.

మా అన్న మునిరత్నం. కావ్యా, మీ నాయనకు మేనమామ. నువ్వు పుట్టకముందే పొయినాడు, ఫోటో చూసుంటావు, దట్టంగా మీసం ఉంటాదే, ఆయన. మా వీధిలో టెక్నాలజీ చదువు చదివిన మొదటోడు. మద్రాసులో చదివినాడు, బట్టల టెక్నాలజీ అంట దాన్ని. రంగు ఎట్ల పట్టాల, నూలు ఎట్ల ఉడకాల, మిషను ఎట్ల తిరగాల, అంతా వాడి చేతుల్లో ఉండె. చెడిపోయిన రైసుమిల్లు ఇంజనుకు చెవి ఆనించి రోగం చెప్తా ఉండె. తిరుత్తణికి బస్సు నాలుగణాలు అప్పుడు, ఆ నాలుగణాలు మిల్లోళ్ళే ఇచ్చి పిలిపిస్తా ఉండ్రి. అంత పేరు.

ఇంక మా నాయన. ఆయన ఓడ గుడ్డ నేయించేవాడు. సెల్వీ, నీకు తెలుగు పురియుదా, అర్థమవతా ఉండాదా? ఆవడిలో మీ ఇంట్లో తమిళమే కదా. పురియకపోతే చెయ్యెత్తు, తమిళంలో చెప్తా. ఓడ గుడ్డంటే, పెద్దపెద్ద గళ్ళ గుడ్డ. ఎర్రగళ్ళు, నీలంగళ్ళు, మధ్యలో పసుపుగీత. మన పక్క ఎవురూ కట్టరు దాన్ని. మద్రాసు పొయ్యి, హార్బర్లో ఓడెక్కి యాడికో పోతాది. యాడికో. అంతే మాకు తెలిసింది. మా తాత నేసినాడు, మా నాయన నేయించినాడు, నేను నూలు కండెలు చుట్టినా, ఇంటింటికీ కంచంలో కూడు దాన్నుంచే. ఒక్కరంటే ఒక్కరు అడగలా, ఈ గుడ్డ యాడికి పోతా ఉండాది, ఎవురు కొంటా ఉండారు అని.

ఆ గుడ్డకొక వాసన ఉండె. ఎట్ల చెప్పేది. రంగులో నూనె కలుపుతారు, ఆకు పసరు కలుపుతారు, మింద గంజి పెడతారు. మూడూ కలిసి, రొవ్వంత పులుపు, రొవ్వంత మట్టి, మొదటి వాన పడిన చెరుకుతోటలో నిలబడినట్ల ఉంటాది. మా జడల్లో అదే వాసన, అన్నంలో అదే వాసన. పాండూరులో ఇచ్చిన మా అక్క పెండ్లైన కొత్తలో ఏడిస్తే, ఎందుకమ్మే అంటే, ఈ ఇంట్లో ఏ వాసనా లేదు అనిందంట. మా పెద్దబావ ఇప్పటికీ చెప్పి నగతాడు. సరి, కథ యాడ వదిలినా?

ఆ, అన్న. చదువు ముగించుకొని వచ్చినాడు. వచ్చీరాగానే గుడ్డ చేత్తో పట్టుకొని, నాయనా, ఇది కంపు కొడతా ఉండాది, తడిస్తే రంగు దిగతా ఉండాది, నేను బాగుచేస్తా అన్నాడు. మా నాయన, ఒరే, ఇన్నేండ్లు కొంటా ఉండారు కదరా అన్నాడు. అప్పుడన్నాడు ఈ మాట: కొనేవాళ్ళ సంగతి ఏజంటు చూసుకుంటాడు, గుడ్డ బాగుండేది మన పని.

పెరట్లో బాయిలరు పెట్టినాడు. ఆవిరి పెట్టే అర కట్టినాడు. కొత్తరంగు తెప్పించినాడు, ఎంత ఉతికినా దిగేది కాదు. అబద్ధం ఎందుకు చెప్పాల, ఆ గుడ్డ అద్దం మాదిరి వచ్చె. ముక్కు పెట్టి చూస్తే ఏమీ లేదు, ఎండలో ఆరిన పంచ మాదిరి. వీధంతా వచ్చి తాకి చూసి పోయినారు. నాకప్పుడు పదిహేను... కాదు, పదహారు, అక్క పెండ్లి అయిపోయింది కదా. మునిరత్నం చెల్లెల్ని నేను అని తల ఎత్తుకొని తిరిగినా.

మూటలు కట్టి మద్రాసు పంపినాము. ఓడెక్కినాయి. చలికాలం పాయ, ఎండలు వచ్చె. ఒక పొద్దు ఏజంటు మనిషి వచ్చినాడు. నడవలో కూర్చోకుండానే, ఇంక పంపొద్దు, మీ మూటలు ఆడ రేవులో గోడౌన్లో పడి ఉండాయి, చేత్తో ముట్టేవాడు లేడు అన్నాడు. ఎందుకు అంటే, దొంగ సరుకంట, నకిలీదంట అన్నాడు.

ఆ మాట నేతోళ్ళ ఇంట్లో ఎట్ల ఉంటాదో మీకు తెలియదు. మా నాయన ఆ పూట అన్నం ముందర కూర్చొని చెయ్యి పెట్టలా. మా మగ్గాలే కాదు, మమ్మల్ని నమ్మి ఓడ గుడ్డ నేసే ఇండ్లన్నీ ఆగిపాయ.

అన్న ఏం చేసినాడంటే, మళ్ళా పెరట్లోకే పోయినాడు. అక్కడే నాకు ఇప్పటికీ కోపం. గుడ్డను కొలిచినాడు, నానబెట్టినాడు, ఎండబెట్టినాడు, నూలు విప్పి చూసినాడు. అన్నీ సరిగ్గానే ఉండాయి. సరిగ్గా ఉండేదాన్ని ఎన్నిసార్లు చూస్తే మాత్రం ఏం కనిపిస్తాది? జవాబు గుడ్డలో ఉంటే కదా. వారమంతా అట్లే తిరిగి తిరిగి, ఒక పొద్దున వాడే అన్నాడు: నాకు తెలిసిందంతా వెదికేసినా పాపా, ఇంక నాకు తెలియని చోటికి పోవాల. ఆ మాటన్నాక వాడి మింద నాకు కోపం పోయింది.

మద్రాసు పోయినాము. నన్నెందుకు తీసకపోయినాడంటే, వాషర్‌మేన్‌పేటలో మా అత్త ఉండె, ఆమెకు కాన్పు దగ్గర పడింది, తోడుకని. ఆమె చారు నోట్లో పెట్టలేము, ఉత్త చింతపండు. ఆ మాట ఇప్పుడెందుకులే. పొద్దున్నే అన్న వెంట నేనూ హార్బరు పక్క ఏజంటు ఆఫీసుకు పోతా ఉంటిని. ఆ దేశం వ్యాపారి ఒకాయన వస్తా ఉండాడని చెప్పినారు, ఆయన వచ్చేదాకా దినమూ పొయ్యి బెంచీ మింద కూర్చుంటిమి.

వచ్చినాడు. ఆఫ్రికాలో పడమటి పక్క దేశమంట. నిండైన మనిషి, భుజం మింద గుడ్డ వేసుకొని ఉండాడు. ఏం గుడ్డ అనుకుంటారు? మా ఎర్రగళ్ళ గుడ్డ. మా వీధిలో నేసింది, మేము పుట్టి బుద్ధెరిగి ఒక మనిషి ఒంటి మింద చూసింది ఆ దినమే.

అన్న కొత్త గుడ్డ ఆయన చేతిలో పెట్టినాడు. ఆయన చూడనే లేదమ్మే. కండ్లు మూసుకొని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకొని, నెమ్మదిగా మడిచి వెనక్కిచ్చేసినాడు. ఇంగ్లీషులో చెప్పినాడు, అన్న నాకు తెలుగులో చెప్పినాడు. వాళ్ళ పక్క ఆ గుడ్డ దినమూ కట్టేది కాదంట. బిడ్డ పుడితే తెస్తారు, పెండ్లికి తెస్తారు, పెద్దోళ్ళు పోతే కప్పుతారు. తల్లి పెట్టెలో దాచి కూతురికి ఇస్తాది. పెట్టె తెరిస్తే ఆ వాసన రావాల. వేరే దేశం మిల్లులో మన గళ్ళనే అచ్చుగుద్ది చౌకగా దింపుతా ఉండారంట, చూస్తే తేడా తెలియదంట. అందుకని వాళ్ళ ఆడోళ్ళు సంతలో మొదట వాసన చూస్తారు. వాసన ఉంటే మాది. లేకపోతే మిల్లుది.

అర్థమయిందా? మా అన్న కష్టపడి, చదివి, బాయిలరు పెట్టి, మా అసలు గుడ్డను నకిలీ గుడ్డ చేసి పెట్టినాడు. టెక్నాలజీ తప్పు కాదు. ఒక్క అంగుళం తప్పు లేదు దాంట్లో. అది ఏ లోకంలోకి పోతా ఉండాదో తెలియకుండా చేసినాడు, అంతే.

వేరేవాడైతే తలొంచుకొని వచ్చేస్తాడు. మా అన్న కుర్చీ లాక్కొని ఆయన ఎదర కూర్చున్నాడు. అడగడం మొదలుపెట్టినాడు. ఆ మిల్లు ఏ దేశంలో ఉండాది, మీ రేవులో సుంకం ఎంత, ఏ నెలలో పెండ్లిండ్లు, మా ఓడ ఎందుకు ఆలస్యంగా వస్తాది, మీ దుడ్డుకు మా రూపాయి ఎంత. ఏజంటుకు మొగం మాడిపోయింది, వాడు ఇన్నేండ్లు చెప్పకుండా దాచుకున్నవే కదా అవన్నీ. ఆ పెద్దమనిషి మాత్రం సంబరంగా చెప్పినాడు. నన్ను ఇన్నేండ్లలో అడిగినోడు నువ్వే అన్నాడంట.

ఇంటికొచ్చి బాయిలరు పగలగొట్టినాడనుకుంటారా? లేదు. దాన్ని దుప్పట్లకు పెట్టినాడు, మన పక్క వాళ్ళకు రంగు దిగకూడదు కదా. ఓడ గుడ్డకు పాత రంగే. కానీ గంజి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడతా ఉండె, దానికి రోలర్లు చేసి పెట్టినాడు. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే వాసన. అదీ చదువంటే. ఆ తరవాత పంపిన మూటలు దిగినచోటే అమ్ముడుపోయినాయి.

అంతటితో ఆగలా. ఊత్తుకోట రోడ్డులో టీ అంగడి రేడియోలో వార్తలు వినేదానికి సైకిలేసుకొని పోతా ఉండె. ఆ దేశంలో గలాటా మొదలయ్యిందని వింటానే, రేవు మూస్తారు నాయనా, సగం మగ్గాలు దుప్పట్లకు తిప్పుదాం అన్నాడు. పక్క వీధోళ్ళు నగినారు. యాడో గలాటా అయితే మన మగ్గానికేమని. తరవాత ఓడలు ఆగిపోతే నగినోళ్ళు నగలా. మా పొయ్యి మాత్రం ఆరిపోలా.

ఇప్పుడు చెప్పు హరీష్. ఎంబీయే వాళ్ళు చూసుకుంటారంటివే. చూసుకుంటారు, కానీ నీకు చెప్తారా? మా ఏజంటు చెప్పినాడా? తెలిసినోడు తెలియనోడికి కూలి ఇస్తాడు. రొవ్వంత అయినా తెలిస్తేనే సమానంగా కూర్చొని మాట్లాడతాడు. ఆ పక్కన కుర్చీ మీరు లాక్కోవాల, ఎవురూ వేసి పెట్టరు.

ఇదో, ఈ ముక్క చూడండి. అన్న నేయించిన ఓడ గుడ్డ. వాసన ఇంకా రొవ్వంత ఉండాది, చూడు సెల్వీ. ఇప్పుడు దీన్ని మీ పెట్టె కింద పెట్టండి. పెట్టండమ్మా.

విన్నారా. కుయ్, కుయ్, కుయ్. చెయ్యి ఆగిన చోట, పోగు తెగి ముడిపడిన చోట, అంతా తప్పే దానికి. ఆ గుడ్డ కోసరం సముద్రం అవతల తల్లులు పెట్టెలు చేయించినారు. మీ పెట్టె వాసన చూడలేదు, సరే. మీకు నోరుండాది కదా.

మీ నాయన గుడ్డలో ముడి, కొనే దేశంలో తప్పో, లేకపోతే ఇది చేత్తో నేసిందని గుర్తో, నాకు తెలియదు. ఆ తిరువళ్ళూరాయనకు తెలుస్తాది, ఆయనకూ తెలియకపోతే ఆయన దగ్గర కొనేవాళ్ళకు తెలుస్తాది. సోమవారం చూపించేదానికి పోవద్దండి, అడిగేదానికి పోండి. పెట్టె సంచిలోనే పెట్టుకొని పోండి. అడిగినాక, ఏది తప్పో దానికి నేర్పించి, అప్పుడు తెరవండి. కాలేజీలో ఆ వ్యాపారం క్లాసని ఎగ్గొట్టినారే, దాంట్లో మొదటి బెంచీలో కూర్చోండి, ఆ అయ్యవారు విసుక్కునేదాకా అడగండి.

హరీష్, ఆ ఫోను ఎందుకు జేబులో పెట్టుకుంటా ఉండావు నాయనా? తియ్యి. ఇప్పుడే చెయ్యి ఆ తిరువళ్ళూరాయనకి, సోమవారం అడిగేదానికి వస్తామని. నా ఎదురుగానే. స్పీకరులో పెట్టు, మీ నాయన కూడా మగ్గం ఆపి వింటా ఉండాడు చూడు కావ్యా... చల్లగా ఉండండి ముగ్గురూ... మోగతా ఉండాది, మాట్లాడు.