అచ్చులో నా దస్తూరి

అధ్యక్షత వహిస్తున్న చేతిపనుల సంఘం పెద్దలకు, ముందు వరుసలో కూర్చుని నేను గొంతు పెంచుతానా లేదా అని చూస్తున్న మా బడి సిస్టర్ గారికి, మా వదినకు, మిత్రులకు నమస్కారం. మైకు ముందు నిలబడటం నాకిది రెండోసారి. మొదటిసారి ఆరో తరగతిలో. పద్యం సగంలో ఏడ్చేశాను. (నవ్వులు)

మా నోటుపుస్తకాల ఆన్‌లైన్ షాపు నుంచి పదివేల పార్సిళ్ళు వెళ్ళినందుకు ఈ సన్మానం. అధ్యక్షులవారు నన్ను "అలుపెరగని అమ్మాయి" అన్నారు. అలుపు నాకు బాగా తెలుసండీ. ఈ మణికట్టు పట్టీ నగ కాదు. ఆరు వారాలు సూది ముట్టవద్దని డాక్టరు చెబితే, "బడులు తెరిచే ముందా? ఆయనకేం, ఎన్నైనా చెబుతాడు!" అంది వదిన. నేనూ నవ్వాను. నవ్వి, మళ్ళీ దారం ఎక్కించాను.

నేను నోటుపుస్తకాలు కుడతాను. మొదట్లో నెలకు పదకొండు. కొన్న ప్రతివారికీ ఒక ఉత్తరం రాసి లోపల పెట్టేదాన్ని. ఎదురుగా మాట్లాడటం చేతకాని నాకు అదే మాట. నెలకు ఏడువందలయ్యాక అందరికీ రాయలేకపోయాను. అప్పుడొక రోజు, తల్లికి ఆపరేషనైన ఒకావిడకు రాసి బల్ల మీద ఉంచిన ఉత్తరాన్ని వదిన తీసుకెళ్ళి, పైనున్న పేరు చెరిపి, విడతకు మూడువేల కాపీల చొప్పున అచ్చు వేయించడం మొదలుపెట్టింది.

"నీ దస్తూరే కదే! నీకు చెయ్యి నొప్పి తప్పుతుంది, వాళ్ళకి ఉత్తరం అందుతుంది. ఏం పోయింది?" అంది.

ఏం పోయిందో ఆ పూట చెప్పలేకపోయాను. వదినా, తల దించుకోకు. ఆపమని నేనూ అనలేదు.

అందులో చివరి వాక్యం అలాగే ఉండిపోయింది: "మీ అమ్మగారికి ఇప్పుడెలా ఉంది? తీరిక చేసుకుని రాయండి."

కొన్నవాళ్ళు రాశారండీ. మేం కుట్టిన పుస్తకంలోంచే కాగితం చింపి రాశారు. అమ్మకి షుగరు తగ్గిందని, అమ్మతో మాటల్లేవని, అమ్మ మొహమే ఎరగమని. పార్సిళ్ళు కట్టే మా పిన్ని అవన్నీ ఒక అట్టపెట్టెలో వేసి ఉంచింది.

(వెనక వరుసలోంచి పిన్ని: "చెప్పాను కదమ్మా! నువ్వే తర్వాత చూస్తానన్నావు.")

నిజమే పిన్నీ. అన్నాను.

పోయిన వారం ఆ పెట్టె తెరిచాను. ఒకే చేతిరాతలో రెండు ఉత్తరాలు. మొదటిది: "అమ్మ పోయి పదిరోజులైంది. ఇంతమందిలో అడిగింది మీరొక్కరే." ఆ నమ్మకంతో ఆవిడ మళ్ళీ పుస్తకం కొన్నారు. మేం మళ్ళీ అదే కాగితం పెట్టాం. రెండోది ఒక్క వాక్యం: "పోయిందని రాశాను కదండీ, మళ్ళీ అడుగుతారేమిటి?"

(జ్ఞాపికను బల్ల మీద పెడుతూ)

ఈ జ్ఞాపిక మీద "ప్రతి పుస్తకం వెనక ఒక మనసు" అని చెక్కించారు. క్షమించాలి, దీన్ని ఇంటికి తీసుకెళ్ళలేను. షాపు ఇక వదినదే. ఆమెకు ఓపికా ఉంది, తెలివీ ఉంది, వెటకారానికి అనడం లేదు. నా దస్తూరి మాత్రం నాకు ఇచ్చేయండి. మిగిలిన కాపీలు నిన్ననే చింపేశాను. అట్టపెట్టె నాతో వస్తుంది.

"ఇప్పుడెందుకే ఇవన్నీ" అని వదిన సైగ చేస్తోంది. అయిపోయింది వదినా.

ఆ రెండు ఉత్తరాలు రాసినావిడకు ఇవాళ పొద్దున పట్టీ విప్పి జవాబు రాశాను. రెండుసార్లూ అడిగింది నేను కాదని ఒప్పుకున్నాను. ఇప్పుడు నేనే అడుగుతున్నానని, వాళ్ళమ్మగారు ఎలాంటి మనిషో వీలైతే రాయమని కోరాను. రాయకపోయినా ఆవిడ తప్పు లేదు.

ఇంతసేపు విన్నందుకు కృతజ్ఞతలు. ఉత్తరం ఇంకా నా సంచిలోనే ఉంది, పోస్టు డబ్బా వీధి చివర ఉంది. వెళ్ళి వేస్తాను. సెలవు.