ఎనుముకు కట్టెపొట్టు

“అవ్వా, మన ఎనుము కట్టెపొట్టు తింటాదంట, నిజమేనా?”

తింటాదప్పా. తింటాది అంటే... ఉండు, మొదట్నుంచి చెప్తా. నాకే అర్థం కాక తల గిర్రున తిరుగుతాండాది.

ఈ యేడు వానల్లేవు గదా, జొన్నసొప్ప యాడా దొరకలా. మీ నాయన యాడికో పోయి ఒక సంచి మేత తెచ్చినాడు. కట్టెలు కోసే కోతమిల్లు పొట్టంట, ఆవిర్లో ఉడకబెట్టి, బెల్లం మడ్డి, తవుడు కలిపినారంట. “ఇది గూడా తినకపోతే శుక్రారం సంతకు తోలేస్తానమ్మా, ఇంక నా చేత కాదు” అన్యాడు. దాన్నెట్ల తోలేది? దాని తల్లి ఈనినప్పుడు దీని కాళ్లు పట్టి బయటికి లాగింది నేనే నాయనా.

కట్టె తినేదేంది? నేను కరువు చూడలేదా? మా మామ, అంటే మీ నాయనకు తాత, కొట్టం మీద గడ్డంతా పీకి ఎద్దులకేసినాడు. మేము మొగులు చూస్తా పండుకుంటిమి. అయినా ఎద్దుల్ని వాసాలు తినమనలా!

పొట్టంటే నాకు తెలీందా? నీళ్లు కాగబెట్టేది పొట్టుపొయ్యి మీదనే గదా. నడుమ సీసా నిలబెట్టి, సుట్టూ పొట్టు దట్టించి, సీసా పీకేసి అంటించేది. అప్పుడు కోతమిల్లోళ్లు ఊరికే ఇస్తాండ్రి, ఇప్పుడు దానికీ దుడ్లే. ఏం చెప్తాంటి? ఆఁ, సంచులు.

మేతదీ, పొయ్యిపొట్టుదీ రెండూ యూరియా సంచులే, పక్కపక్కనే ఉండె. మంగళారమో... కాదు కాదు, బేస్తారం, సంతకు ముందు దినం. పొద్దున్నే తొట్లో రెండు దోసిళ్లు పోస్తి. ఎనుము వాసన చూసి మూతి తిప్పుకున్యాది. బతిమాలితి, ఉప్పునీళ్లు సల్లితి, తిడితి. ముట్టలా. సాయంత్రమూ అంతే. తెల్లారి మీ నాయన సంతకు తోలేదానికి పలుపు పట్టుకున్యాడు. నాకు ఏడుపొచ్చి, నీళ్లు పోసుకునే బచ్చలికాడ పొయ్యి అంటించి అట్ల మొగం తిప్పుకోని కూసుంటి. ఆ పొట్టు రోంత తడిగా ఉండె, మండదు. ఒకటే పొగ, పాకం మాడిన వాసన.

ఎనుము వాకిలి దిక్కు పోదే! మీ నాయనను ఈడ్చుకోని బచ్చలికాడికే వచ్చి, పొయ్యి పక్కన ఒలికిన పొట్టును గరగరా నాకతాండాది! మీ నాయన సంచిలో చెయ్యి పెట్టి, వాసన చూసి, “మేతను పొయ్యిలో పెట్టి, పొయ్యిపొట్టు దానికి పోసినావు గదమ్మా!” అని నెత్తి కొట్టుకున్యాడు. పలుపు తీస్కపోయి మళ్లా గుంజకే కట్టినాడు.

నేనేం చేసేదప్పా? కట్టె పొయ్యికి, మేత తొట్టికి, ఇంతే నాకు తెలిసింది. రెండూ ఒకటే అంటే ముసల్దాన్ని ఏం చేయాల? ఇప్పటికీ తెలీదు. పిడికెడు తీసి ఎనుముకే చూపిస్తా. ముట్టితే మేత, మూతి తిప్పితే పొయ్యికి.

పాలు తాగిపో నాయనా, సల్లగుండు. నీ నోటికాడి కూడు ఎప్పుడూ... ఏమప్పా, ఈడుండే మేత సంచి యాడ పెట్టినావు, మళ్లా పొయ్యికాడనా?