డాక్టర్ సాబ్ అడిగితే

లక్డారంలో, కిరాయి ఇంటి ముందు, ఆమె కుర్చీలో కూర్చుంది. మందుపాతర పేలి తలకు దెబ్బ తగిలిన మాజీ సిపాయి, ఆమె భర్త, ఎదురుగా నిటారుగా నిలబడ్డాడు. రేపు మిలటరీ డాక్టర్ల బోర్డు ముందు అతను మళ్లీ హాజరు కావాలి.

"నేనే డాక్టర్ననుకో. తక్లీఫ్ ఏమన్న ఉందా?"

"లేదు సాబ్. అంతా ఠీక్ సాబ్."

"మల్ల గదే. పోయినసారి గట్లనే చెప్పి దెబ్బ పింఛన్ బంద్ చేయించుకున్నవ్."

"ఆఫీసర్ అడిగితే గంతే చెప్పాలె. ఫౌజుల తక్లీఫ్ ఉందంటే కామ్‌చోర్, పనిదొంగ అంటరు."

"ఫౌజు ఇడిసి ఎన్నేండ్లాయె? కంపెనీ గేటు కాడ కావలి పెడితే, ఏ లారీని లోపలికి ఇడిసినవో యాదిలేదని ఎల్లగొట్టిరి. గది చెప్పు."

"గది చెప్తే ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ వండుకొని తింటమా?"

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు.

"ఇగ జెర కూసో. కండ్లు మూసుకో, నేను కనపడొద్దు. సాబ్ అడుగుతుండు, తక్లీఫ్ ఏంది?"

అతను కూర్చుని, కళ్లు మూసుకుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇంట్ల ఆమె రోజు ముచ్చట చెప్తది సాబ్. అది అయిపోయేసరికి మొదలు మర్చిపోత. ఆమె నవ్వితే నేను గూడ నవ్వుత. ఆమెకు ఎర్కలేదు. చెప్పకుండ్రి సాబ్."

ఇన్నేళ్లుగా ప్రతి సాయంత్రం తాను చెప్పిన ముచ్చట్లన్నీ ఎటు పోయాయో ఆమెకు అప్పుడు తెలిసింది.

"రేపు గిదే చెప్పు," అంది.

అలవాటుకొద్దీ నవ్వింది. కళ్లు తెరిచి, అతనూ నవ్వాడు.