బోరు వద్దన్న మేడం

"అమ్మమ్మా, నీకు బోరు వద్దన్న మేడం కోసం నువ్వు హైకోర్టుకు పోయినవంట గదా. అమ్మ చెప్పింది. ఏమైందో జెప్పవా?"

ఆమె కోసమని పోలే బిడ్డా. చూద్దామని పోయిన. మీ అమ్మకు సగమే ఎరుక. ఇట్ల కూసో, ఫ్యాను కిందికి రా.

మనకు యాచారం తొవ్వల బత్తాయి తోట ఉండె. మీ తాత పెట్టిండు. కాదు కాదు, గుంతలు తీసింది మీ తాత, మొక్కలు తెచ్చింది మా తమ్ముడు, నల్లగొండ దిక్కుకెళ్లి. మీ తాత పోయినంక నేనే సాదిన. పిల్లల్ని సాదినట్టు అంటరు గని, పిల్లలన్న ఆకలైతే ఏడుస్తరు. చెట్టు ఏడ్వదు, ఊకె ఆకు ముడుసుకుంటది.

వానలు లేక పెద్ద చెరువు నెర్రెలు వాసింది. ఉన్న బోర్లు గాలి కొట్టబట్టె. ఇంకా లోతుకు ఏద్దామంటే గప్పటికే కమిషన్ ఒకటి వచ్చె. బోరు ఏడ ఎయ్యాలె, ఎంత లోతు ఎయ్యాలె, కంపెనీలకు ఎన్ని నీళ్లియ్యాలె, అంత ఆ కమిషనే తేల్చాలె. దానికి పెద్ద ఒక మేడం. ఏదో కాలేజీల నీళ్ల సదువు చెప్పి వచ్చిందట.

ఊరూరికి వచ్చి జనం ముంగట విచారణ పెట్టేది. నేను పోయి నిలబడ్డ. ముందుగాల కూసోమన్నది. చెట్లెన్ని, ఎన్నేండ్లయి, ఏ కాలంల ఎంత తాగుతయి, అన్ని ఇడమరిచి అడిగింది. నాకు ఆశ పుట్టింది, గిన్ని అడుగుతున్నదంటే ఇస్తదేమో అని. ఆఖరికి, "లక్ష్మమ్మా, నీ భూమి కింద నీళ్లు లెవ్వు. ఉన్న జరంత పక్కూరోళ్లు తాగే నీళ్లు. నీకు ఇయ్యలేను" అన్నది. మెల్లగనే అన్నది. మెల్లగంటే మాత్రం ఏంది, ఆ ఎండకాలం తోట ఎండింది. కొట్టిచ్చిన. గొడ్డలి చప్పుడు ఇనలేక మీ అమ్మ కాడికి, మీ ఇంటికి పోయి పండుకున్న.

ఆ ఎనుక ఒక కంపెనీ వచ్చింది. పేరెందుకు లే, సీసాల నీళ్లు నింపేటిది. ఊరవతల పెద్ద పెద్ద బోర్లు ఎయ్యాలని అడిగిండ్రు. విచారణ అయ్యేదాక ఒక్కటి గూడ ఎయ్యొద్దన్నది మేడం. పైకెళ్లి ఫోన్లు వచ్చినయట, ఆమె ఇనలేదట. కొన్నొద్దులకు పేపర్ల పడ్డది, మేడంను తీసేసిండ్రని. ఏ సర్కారు అని అడగకు బిడ్డా, ఎవలున్నా కుర్సీ ఒకటే.

నాకేం బాధ గాలే. నా తోట పాయె, నీ కుర్సీ పాయె, లెక్క సరి అనుకున్న.

గప్పుడొచ్చిండు మా మరిది, అదే, మీ చిన్నతాత. తెల్లబట్టల పెద్దమనిషిని ఒకాయనను తోలుకొచ్చిండు. మేడం కోర్టుకెక్కిందట. బోరుకు ఒప్పుకుంటందుకు ఆమె పైసలడిగిందని రైతులు నలుగురు చెప్తే ఇగ ఆమె పని అయినట్టే అన్నడు ఆయన. నాకు బోరు పడతదన్నడు. మరిది గూడ, వదినె, ఒక్క మాటతోని తోట మల్ల పెట్టుకోవచ్చు అన్నడు.

"నన్ను ఆమె పైసలడగలే సారూ. చెట్లెన్ని అని అడిగింది, గంతే" అన్న.

"ఆమె మీద నీకు కోపం లేదా?"

"ఉన్నది. కోపమున్నదని లేనిది ఉన్నదంటనా?"

ఆయన చాయ్ ముట్టలే, లేచి పోయిండు. మరిది చానా దినాలు నాతోని మాట్లాడలే. ఆయన బిడ్డ లగ్గానికి పత్రిక ఎవలి చేతనో పంపిండు, గడపెక్కలే. అది ఇంకా మనసుల కలుక్కుమంటది నాకు.

గందుకే కోర్టుకు పోవాలనిపిచ్చింది. గింత లడాయి దేనికో చూడాలె అని. నేను కొత్తగ కాపురానికొచ్చినప్పుడు పట్నం బస్సుకు రూపాయి గూడ గాకపోతుండె, ఎరుకేనా? ఇప్పుడు ఆడోళ్లకు టికెటే లేదు. సరే, పోయిన. లోపల అంత ఇంగ్లీషే. పక్కన ఒక వకీలమ్మ ఉండె, నా వయసు చూసి చెవుల తెలుగు చేసి చెప్పింది.

జడ్జి సాబు సర్కారు వకీలును అడిగిండు, ఈమె చేసిన తప్పేందని. ఆమె మీద సర్కారుకు నమ్మకం పోయిందన్నడు ఆ వకీలు. కుర్సీల కూసోబెట్టినోళ్లకు లేపే హక్కు ఉంటది గదా అన్నడు. నాకు గూడ నిజమే గదా అనిపిచ్చింది. జీతగాన్ని పెట్టుకున్నోడు వద్దంటే పోవాలె గదా.

జడ్జి సాబు అన్నడు, "ఆమె మీ జీతగత్తె గాదు. మీకు గూడ వద్దని చెప్పేటందుకే ఆ కుర్సీ పెట్టిండ్రు. వద్దన్నప్పుడల్లా లేపితే ఇగ ఆ కుర్సీ ఎందుకు?"

చట్టంల ఉన్నదట బిడ్డా, తప్పున్నదని ముందుగాల పెద్ద జడ్జితోని విచారణ చేపియ్యాలె, ఆమె చెప్పేది ఇనాలె, రుజువైతేనే తియ్యాలె. సర్కారు చెయ్యి ఎంత పొడుగైనా రాజ్యాంగం దానికి హద్దు పెట్టిందని వకీలమ్మ చెప్పింది. మేడం మంచిదని కోర్టు అనలే, ఇను. తప్పుంటే రుజువు చెయ్యుండ్రి, గప్పటిదాక కూసోనియ్యుండ్రి అన్నది. గంతే.

మేడం మల్ల వచ్చింది. కొంగరకలాన్ కలెక్టరాఫీసుల విచారణ పెడితే నేను పోయిన. ఎందుకు దాస్త, ఆశతోనే పోయిన. ఆమె మీద చెడ్డమాట చెప్పలే గదా, జర చూస్తదేమో అని. ఆ ముచ్చట నేను చెప్పలే, ఆమెకు తెల్వనే తెల్వదు. చెట్లు పోయినయి, కూరగాయలకన్న ఒక బోరు ఇయ్యమన్న. కాయితాలు తిరగేసింది. చానాసేపు చూసింది.

"భూమిల నీళ్లు ఇంకా పైకెక్కలే లక్ష్మమ్మా. ఇయ్యలేను" అన్నది.

కంపెనీకి గూడ అడిగినయి అన్ని ఇయ్యలే, సగం కొట్టేసింది. మిగిలిన సగం ఎందుకిచ్చినవని ఊరోళ్లు లొల్లి చేసిండ్రు. నాకు కోపం రాలేదా అంటే, వచ్చింది. బస్సుల కిటికీ కాడ కూసోని ఇంటిదాక ఏడ్సుకుంటనే వచ్చిన. గాని ఏడ్సుకుంటనే అనుకున్న, మొదాల అన్న మాటనే అన్నది, కుర్సీ పోయి వచ్చినంక గూడ మనిషి మారలే అని.

కొన్ని నెలలే మిగిలినయి ఆమెకు. అయిపోంగనే పోయింది. దండలు లెవ్వు, సభ లేదు. గడువు తీరి దిగింది బిడ్డా, ఎవలో దించితే దిగలే.

నువ్వు సల్లగుండు. నీకు వద్దని చెప్పేటోళ్లు గూడ సల్లగుండాలె…