హౌకి సరస్సును అట్టులా తిరగేసిన ఓస్మో

రేపు మధ్యాహ్నం హిల్లా తన డాక్టరేటు పరిశోధనను నిండు సభలో నిలబడి సమర్థించుకోవాలి. పుస్తకం అచ్చయింది, పంచడం కూడా అయిపోయింది. నల్ల దుస్తులు ఇస్త్రీ అయి వచ్చాయి. సాయంత్రం విందుకి హాలు మాట్లాడేశారు. ఇక మిగిలిన పనల్లా భయపడటమే. దాన్ని మాత్రం పొద్దుటినుంచీ వంక పెట్టడానికి వీల్లేకుండా చేస్తోంది.

అలాంటి మనిషికి ఆ పూట కావలసింది ఏ మూలనో కాస్త నిశ్శబ్దం. దొరికింది మాత్రం ఓస్మో.

తూర్పు ఫిన్లాండులోని ఆ యూనివర్సిటీలో ఓస్మోని ఎరగనివాళ్ళు లేరు. ప్రొఫెసరు ఉద్యోగం వదిలి చాలా ఏళ్ళయినా, ఎవరి పరిశోధన సభకి వచ్చినా ముందురోజే దిగిపోతాడు. కాఫీగదిలో కిటికీ పక్క కుర్చీలో చేరి, ఒక చేత్తో యాలకుల బన్నూ, ఇంకో చేత్తో నలుగురి చెవులూ పట్టుకుంటాడు.

ఇంకో రోజయితే ఆయన కోతలు హిల్లా కూడా నవ్వుతూ వినేదే. కానీ ఆమె పుస్తకం అలాంటిది. హౌకి సరస్సు చుట్టుపక్కల ఊళ్ళలో ముసలి జాలర్లని కూర్చోబెట్టి, "మీ వయసులో చలికాలాలు ఎలా ఉండేవి, సరస్సు మీద మంచు ఎంత మందం పేరుకునేది" అని అడిగింది. వాళ్ళు చెప్పినదాన్ని, ఆ రోజుల్లో నిజంగా కొలిచిన అంకెల పక్కన పెట్టింది. మనిషి జ్ఞాపకం ఎక్కడ సాగుతుందో, ఎక్కడ సాగదో తేల్చింది. త్రాసులో ఒక పక్క జనం మాట, ఒక పక్క కొలత. ఆ కొలతలు ఓస్మోవి. అవి తప్పయితే త్రాసే దొంగ త్రాసు.

అది చాలదన్నట్టు బల్లకి అవతల ఊర్వె కూర్చుంది. ఎస్టోనియా నుంచి వచ్చిన ప్రొఫెసరు. రేపు వేదిక మీద హిల్లాకి ఎదురుగా కూర్చుని గుచ్చి గుచ్చి ప్రశ్నలడగబోయేది ఆవిడే. ఫిన్నిష్ బాగా వచ్చు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"మీ హౌకి సరస్సు కొలతల గురించి చదివాను," అంది ఊర్వె మర్యాదకి. "అంత చలిలో ఎలా చేశారో!"

హిల్లా గైడు యార్మో 'అయిపోయాం' అన్నట్టు కాఫీ జగ్గు తన దగ్గరికి లాక్కున్నాడు.

"అబ్బే, అదేం పెద్ద గొప్ప కాదమ్మా," అన్నాడు ఓస్మో గడ్డం మీది బన్ను పొడి దులుపుకుంటూ. "రోజూ తెల్లారకుండా లేచేవాణ్ణి, మంచు తొలిచే బర్మా భుజాన వేసుకునేవాణ్ణి, సరస్సు మధ్యకి నడిచేవాణ్ణి, మంచుకి కన్నం పెట్టి కొలకర్ర దించి అంకె రాసుకునేవాణ్ణి, అంతే. చలంటావా, మామూలే, ముప్ఫై డిగ్రీల మైనస్సు. మా అమ్మ పాలు పితికేటప్పుడు అంతకంటే ఎక్కువ ఉండేది."

హిల్లా ఊపిరి వదిలింది. ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? జనవరి నడిమిలో చలి ముదిరింది. థర్మామీటర్లో పాదరసం గడ్డకట్టేసింది! రాయి! గోడకి మేకు దిగ్గొట్టొచ్చు దాంతో. మరి ఉష్ణోగ్రత ఎలా? సైన్సు ఆగుతుందా? ఆగదు. నేనేం చేశానూ, ఉమ్మాను."

"ఉమ్మారా?" అంది ఊర్వె.

"ఉమ్మానమ్మా. ఉమ్మితే అది కింద పడేలోగా గోలీ అయిపోయి మంచు మీద ఠంగుమనేది. ఆ ఠంగు ఎంత సన్నగా ఉంటే అంత చలి. నా చెవి అప్పట్లో పాము చెవిలే. విన్న వెంటనే డిగ్రీ చెప్పేసేవాణ్ణి."

"దశాంశంతో సహానా?" అన్నాడు యార్మో.

"రెండు దశాంశాలు వచ్చేవి. ఒకటే రాశాను. వినయం."

యార్మో పకపకా నవ్వాడు. హిల్లా నవ్వబోయి ఆగిపోయింది. ఆమె పట్టికలో ఉష్ణోగ్రతకి సరిగ్గా ఒక్క దశాంశమే ఉంది. ఊర్వె నవ్వలేదు. చెంచాతో కాఫీ తిప్పుతూ ఓస్మో ముఖంలోకే చూస్తోంది.

అప్పుడే తలుపు తోసుకుని సిల్వి వచ్చింది. ఈవిడా ఆ యూనివర్సిటీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనదే. ఊరవతల ఇంటినుంచి సరస్సు మీదుగా స్కీల మీద వచ్చినట్టుంది, బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. రేపటి సభకి పిలుపున్నవాళ్ళలో ఆవిడా ఒకర్తె. చేతి తొడుగులు విప్పి రేడియేటరు మీద పడేసి, కాఫీ పోసుకుని, చివరి కుర్చీలో కూర్చుంది.

"ఏమోయ్ సిల్వీ, హౌకి సరస్సు సంగతే చెబుతున్నా," అన్నాడు ఓస్మో.

"చెప్పు చెప్పు. వినాలనే ఉంది," అంది సిల్వి.

ఆ ప్రోత్సాహం చాలు. "సరే, మంచు ఇంకా పేరుకుంది. బర్మా దిగదే! తిప్పీ తిప్పీ దాని పళ్ళు అరిగిపోయాయి, నా పళ్ళూ అరిగిపోయాయి. అవతల పారేశాను. మంచు మీద బోర్లా పడుకుని మడమతో ఒక్క తన్ను తన్నాను. శబ్దం అడుక్కి వెళ్ళి తిరిగొచ్చి చెవిలో చెప్పింది, డెబ్భై మూడు సెంటీమీటర్లు అని. అప్పటినుంచి అంతా చెవి కొలతే."

డెబ్భై మూడు. ఆ అంకె హిల్లాకి కంఠతా వచ్చు. ఫిబ్రవరి రెండో వారం. నాలుగో అధ్యాయం మొత్తం దాని మీదే నిలబడింది.

"నిజంగా... చెవితోనేనా ప్రొఫెసర్ గారూ?" అంది.

"చెవితో మొదలెట్టానమ్మాయ్. కానీ తన్నేవాడు ఒకడు, రాసుకునేవాడు ఒకడు ఉండాలి కదా, నేనేమో ఒంటిగాణ్ణి. అప్పుడు అడవిలోంచి ఎవరొచ్చారో తెలుసా? తోడేలు! ఇంత పొడుగు! నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. నా భుజాన కొలకర్ర చూసి కూర్చుంది. చదువంటే గౌరవం ఉన్న తోడేలమ్మా అది. కర్ర నోటికిస్తే నిట్టనిలువుగా పట్టుకునేది, ఇంత కూడా వంకర లేకుండా. మన విద్యార్థులకి ఎన్నేళ్ళు నేర్పినా రాలేదు ఆ స్థిరత్వం."

"దానికి జీతం?" అన్నాడు యార్మో.

"జీతమా! డాక్టరేటు ఇప్పిద్దామనుకున్నా. సభ రోజున డాక్టర్లకి పెట్టే టోపీ దాని చెవుల మీద నిలవలేదు."

యార్మో బల్ల గుద్ది నవ్వాడు. హిల్లాకి ఆ గుద్దు గుండెల మీద పడ్డట్టుంది. ఇదంతా కోతలని ఆమెకి తెలుసు. తోడేలు అబద్ధం, ఉమ్మి అబద్ధం. అయితే అబద్ధం ఎక్కడ మొదలైంది? బర్మా నిజమేనా? అసలీయన మంచు మీదికి వెళ్ళాడా? మూడేళ్ళ కిందట తను ఉత్తరం రాస్తే 'అన్నీ సరిగ్గానే ఉన్నాయి, నిశ్చింతగా వాడుకో' అని ఒక్క వాక్యం జవాబిచ్చాడు. అంతటితో తను ఊరుకుంది. ఊరూరా తిరిగి ప్రతి జాలరినీ 'మీకెలా తెలుసు, మీరు చూశారా, ఎవరైనా చెప్పారా' అని పీడించింది. ఈయన్ని మాత్రం ఆ మాట అడగలేదు. ప్రొఫెసరు కదా అని.

అదే ప్రశ్న రేపు ఊర్వె అడుగుతుంది. ముందు వరసలో అమ్మా నాన్నా కూర్చుని ఉంటారు.

ఓస్మో ఇక భూమి మీద లేడు. "పైనుంచి కొలిస్తే సగం నిజమే కదా, కిందనుంచి కూడా సరిచూడాలి. కన్నంలోంచి నీళ్ళలోకి దిగాను. ఆ చలికి అరికాళ్ళు మంచుకి కిందవైపు అతుక్కుపోయాయి! తల కిందికి, కాళ్ళు పైకి, గబ్బిలంలాగా నడుచుకుంటూ వెళ్ళాను ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి. చేపలు నన్ను చూసి తామే తల్లకిందులుగా ఉన్నామనుకుని తిరగబడి ఈదాయి. అక్కడ నాకొక సంగతి తట్టింది. నా ఒంటి వేడికి మంచు కరిగి కొలత తేడా వస్తోంది! పరిశోధకుడి వల్లే పరిశోధన పాడైతే ఎలా? గుండెని ఆపేశాను."

"ఎంతసేపు?" అంది సిల్వి నెమ్మదిగా.

"కొలత అయ్యేదాకా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇదంతా కాదని, చివరికి ఒడ్డున మంచు అంచు పట్టుకున్నాను, రెండు చేతులూ కిందికి పోనిచ్చాను, హుప్ అన్నాను. హౌకి సరస్సు మంచు మొత్తం, పెనం మీద అట్టు తిరగేసినట్టు తిరగేశాను! మందం అంచు మీద కనబడుతోంది, తాపీగా చదువుకున్నాను, మళ్ళీ యథాప్రకారం వేసేశాను. పైన చేపలు పట్టుకుంటున్న జాలరి ఒకడికి గాలం కూడా కదల్లేదు."

యార్మో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఊర్వె చెంచా కింద పెట్టింది.

"అయితే ప్రొఫెసర్ ఓస్మో, ఆ అంకెలన్నీ మీరే స్వయంగా కొలిచారు?"

"నేనే! నేను తప్ప ఆ చలికాలం ఆ మంచు మీద ఇంకో నరమానవుడు అడుగుపెట్టలేదు!"

హిల్లా లేచి నిలబడింది. లేవాలని ఆమె అనుకోలేదు, కాళ్ళు లేచాయి. "ప్రొఫెసర్ గారూ, ఒక్కటి చెప్పండి. తోడేలు వద్దు, అట్టు వద్దు. బర్మాతో కొలిచారా, లేదా? రేపు నేను జవాబు చెప్పుకోవాలి."

ఓస్మో నోరు తెరిచాడు. ఊర్వె వైపు చూశాడు, యార్మో వైపు చూశాడు. కొత్త మనిషి ముందు, అంత ఎత్తునుంచి దిగడానికి నిచ్చెన కనపడలేదు. "చెప్పాను కదమ్మాయ్," అన్నాడు గొణుగుతూ, "చెవితో..."

హిల్లా ఊర్వె వైపు తిరిగింది. "అలాగైతే, రేపు మీరు అడక్కముందే నేనే చెబుతాను. నాలుగో అధ్యాయం నిలబడదని."

"హిల్లా!" అన్నాడు యార్మో. ఈసారి అతని ముఖంలో నవ్వు లేదు. "కూర్చో. అయిదేళ్ళ పని. మాట తూలకు."

"ఇక్కడ తూలకపోతే అక్కడ తూలాలిగా సార్."

సిల్వి కాఫీ కప్పు కింద పెట్టింది.

"ఓస్మో, ఆ రెండో బూటు దొరికిందా నీకు?"

ఓస్మో ఉలిక్కిపడ్డాడు. "ఏ బూటు?"

"మొదటిరోజు మంచు మీద వదిలేసి వచ్చావే, అది." సిల్వి ఊర్వె వైపు తిరిగింది. "కొత్త మంచు గట్టిపడేటప్పుడు సరస్సు ఫిరంగిలా ఉరుముతుందని మీకూ తెలుసు కదమ్మా. ఈయన పది అడుగులు వేశాడో లేదో, కాళ్ళ కింద ఒక్క ఉరుము ఉరిమింది. అంతే, బూటు అక్కడ, మనిషి ఇక్కడ. ఆ చలికాలమంతా మళ్ళీ ఒడ్డున మేమున్న గుడిసె గడప దాటి మంచు మీద కాలు పెడితే ఒట్టు."

యార్మో నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది.

"మరి కొలిచింది?" అంది హిల్లా.

"నేనూ, ఆ ఊరి జాలరి కూతురు లేంపీ. బర్మాతో. పాదరసం గడ్డకట్టడానికి మా దగ్గర పాదరసమేదీ? స్పిరిట్ థర్మామీటరు. ఒక్కో చోట మూడు కన్నాలు పెట్టి సగటు తీసేవాళ్ళం, ఎందుకంటే లేంపీ నన్ను నమ్మేది కాదు, నేను లేంపీని నమ్మేదాన్ని కాదు." సిల్వి కుడి చెయ్యి బల్ల మీద పెట్టింది. బొటనవేలి కొస తెల్లగా, మైనం ముద్దలా ఉంది. "మంచు కొరికింది. ఇప్పటికీ స్పర్శ లేదు. వ్యాసం మీద పేరు ఈయనది, వెనక ధన్యవాదాల్లో మా ఇద్దరిదీ. అప్పట్లో అలాగే నడిచేది. నీ డెబ్భై మూడు ఉందే, అది తీసింది నేను. నిక్షేపంగా నిలబడుతుంది. నువ్వు కూర్చో తల్లీ."

హిల్లా కూర్చోలేదు, కూలబడింది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియక రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తర్వాత చేతులు తీసి, "సిల్వి గారూ, ఇన్నాళ్ళూ మిమ్మల్ని నేనెందుకు అడగలేదు?" అంది.

"అడిగితే చెప్పేదాన్ని. అడక్కుండా చెప్పుకునే విద్య ఈ డిపార్ట్‌మెంటులో ఒక్కరికే వచ్చు."

ఊర్వె పెదాల మీద మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. "రేపు నా మొదటి ప్రశ్న ఇదే," అంది హిల్లాతో. "ఈ కొలతలు ఎవరు తీశారు, ఎలా తీశారు అని. ఈ సాయంత్రం సిల్వి గారి దగ్గర కూర్చుని అన్నీ అడిగి తెలుసుకో. నేనైతే వదలను."

వదలలేదు కూడా. మర్నాడు సభలో ఆ ఒక్క ప్రశ్న మీదే చాలాసేపు పట్టుకుంది. హిల్లా మొదట్లో తడబడింది, తర్వాత నిలదొక్కుకుంది. సిల్వి పేరూ, లేంపీ పేరూ నిండు సభలో పైకి చెప్పింది. సభ ముగిసేసరికి డాక్టరయింది.

కానీ ఆ ముందురోజు కాఫీగదిలో, ఓస్మో తన బన్ను వైపే చూస్తూ కూర్చున్నాడు. గాలి తీసేసిన సంచిలా ఉన్నాడు పాపం. హిల్లాకి ఎంత కోపం రావాలో అంత రాలేదు. చివరికి ఆయన తలెత్తి, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"సిల్వీ, మీరు మంచు మీదనుంచి వచ్చేసరికి వేడి వేడి కాఫీ మాత్రం రోజూ నేనే పెట్టేవాణ్ణి కదా? అదైనా చెప్పు."

"పెట్టేవాడివి," అంది సిల్వి తొడుగులు వేసుకుంటూ. "కప్పు అడుగు కనపడేంత పలచగా."