ఎఫ్రాసియా గారి పొలేయో మడి

1989 మార్చి మూడవ తేదీన దోన్యా ఎఫ్రాసియా సారతే గారు మెక్సికోలో ఓహాకా లోయలోని మా చిన్న వృక్షోద్యానంలో, ఔషధ, సుగంధ మొక్కల విభాగ సహాయకురాలిగా చేరారు. సదాప, మాచిపత్రి తప్ప మరేమీ బతకని ఆ రాతి నేలను కొన్నేళ్లలోనే పరిమళభరితం చేసి, విభాగాధిపతి పదవిని అలంకరించారు.

సాన్ మెల్చోర్ ఊరి కొండ మీద పెరిగే పొలేయో అనే సుగంధ మొక్కను ఆమె తెచ్చి నాటిన మరుసటి వేసవిలోనే ఆ కొండ దగ్ధమైంది. నారింజ తొక్క వాసన వేసే ఆ పొలేయో మా మడిలోనే మిగిలింది. పెళ్లిలో అతిథుల చేతికి దాని కట్ట ఇవ్వడం, మర్నాడు మెస్కాల్ సారా తెచ్చిన తలనొప్పికి దాని కషాయం తాగడం ఆ ఊరి ఆచారం కనుక, ఏటా వేళ్లతో సహా మొక్కలు అక్కడికి పంపేవారు.

ఒకసారి డైరెక్టర్ దోన్ అబుందియో గారు తమ పుట్టినరోజు విందు మర్నాడు పొద్దున్నే ఆ మడిలో ఆమెకు పట్టుబడ్డారు.

"ఎవరది, అడక్కుండా తుంచేస్తున్నారు?"

"నేనేనమ్మా. తల పగిలిపోతోంది."

"డైరెక్టరైతే మాత్రం? అడిగి తుంచండి. నన్ను కాదు, దాన్ని!"

ఆయన టోపీ తీసి, మొక్కను అనుమతి అడిగి, రెండు రెమ్మలు తీసుకున్నారు.

నిరుడు కరువులో సగం మడులకే నీరందింది. ఏది వదులుకోవాలో తేల్చే భారం ఎఫ్రాసియా గారిపై పడింది. "పొలేయోకేం, సాన్ మెల్చోర్‌లో ఇంటింటా ఉందిగా" అని ఆ మడికి నీరు ఆపించారు. అది నిలువునా ఎండిపోయింది.

వానాకాలం వెళ్లాక ఆ ఊరి నుంచి సెలెరీనా గారు మనవరాలి పెళ్లికని వచ్చారు.

"నాలుగు కట్టలియ్యి వదినా."

"నేనే నిన్ను మొక్కలడుగుదామనుకుంటున్నా. ఇక్కడిది పోయింది."

"వేళాకోళమా? మా దగ్గరెక్కడిదీ! నువ్వు పంపిందంతా మగాళ్ల తలనొప్పులకే మరిగించేశాం. నీ దగ్గరుందిగా అనుకున్నాం."

"మీ దగ్గరుందిగా అనుకున్నాను" అన్నారు ఎఫ్రాసియా గారు. ఇద్దరూ ఎండిన మడిలోకి దిగి కాడలు దులపసాగారు.

ఎండిన కాడల నుంచి రాల్చిన గింజలు మొలవలేదు. చుట్టుపక్కల కొండలన్నీ ఆమె కాలినడకన వెతికి, ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. ఇంతటి సేవకు ఇటువంటి ముగింపు రావడం మా గుండెలు పిండేస్తోంది. పదవీ విరమణ చేస్తున్న ఆమెను వీడ్కోలు కానుకగా ఏం కావాలని అడిగితే, "ఆ మడిలో ఇంకేదీ నాటకండి" అన్నారు.

అది మళ్లీ దొరుకుతుందన్న ఆశ, నిజం చెప్పాలంటే, మాకు లేదు. అయినా ఏ లోయలోనో ఒక్క రెమ్మ కంటబడితే, వాసన చూసి ఇదేనని చెప్పగలవారు మాలో ఆమె ఒక్కరే. ఆమె ఆయురారోగ్యాలతో చిరకాలం జీవించాలి. ఈ మాట మేము మర్యాదకు అనడం లేదు.