వెర్నన్ చేలో నా ఎక్సెల్ సేద్యం

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో రఘు వాళ్ళింటి పెరటి పేషియోలో ఆదివారం సాయంత్రం టీ కప్పు చేతికి రాగానే దివాకర్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

“ఎక్సెల్ అంటే మేనేజర్‌కి చూపించుకునేదనుకుంటున్నారు మీరు. దాంతో నేను వ్యవసాయం చేశాను! మా టీమ్‌లో అమ్మాయి వాళ్ళ నాన్న, వెర్నన్ అని, షెర్మన్ ఊరవతల మొక్కజొన్న వేస్తాడు. చేనంతా బానే ఉంటుంది, ఉత్తరం పక్క ముక్క మాత్రం ఏటా ఎండిపోతుంది. తాత దున్నిన నేల, ఇంక వదిలేస్తానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు పాపం. నేనన్నాను, అయ్యా, ఎక్కడెంత పండిందో మీ కోత మెషీన్‌లో డేటా ఉంటుంది, ఇటివ్వండి అని. ఎక్సెల్‌లో పోసి మ్యాప్ మీదకి ఎక్కించాను. పండినచోట పచ్చ, ఎండినచోట ఎరుపు. చూస్తే ఎర్రగా ఒకటే గీత! తవ్విస్తే ఏముంది, నీళ్ళ పైపు పూడిపోయింది.”

“ఇంతవరకూ నమ్మొచ్చు,” అన్నాడు రఘు.

“నమ్మొచ్చేంట్రా, అసలు కథ విను. సోఫాలో కూర్చుని ఆ ఎర్ర గళ్ళన్నీ పచ్చగా మార్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారేసరికి అక్కడ చేనూ పచ్చబడింది! వెర్నన్ ఫోన్ చేసి, ఇంకాస్త ముదురు రంగు వెయ్యి బాబూ అన్నాడు. వేశాను. మొక్కజొన్న ఎంత ఎత్తు లేచిందంటే డాలస్‌లో దిగాల్సిన విమానాలు చుట్టుతిరిగి పోయాయి.”

“పైలట్లు కంకులు కోసుకున్నారా అన్నయ్యగారూ?” అంది పక్క కుర్చీలోని వసుమతి. ఆవిడ మ్యాపుల కంపెనీలో ఇంజనీరు.

“విమానం కిటికీలు తెరుచుకోవు కదమ్మా! ఇంతలో వడగళ్ళు, గోల్ఫ్ బంతులంత. వెర్నన్ గొల్లుమన్నాడు. నేను కంగారుపడతానా? కంట్రోల్ జెడ్ కొట్టాను. పడ్డ వడగళ్ళు పడ్డట్టే లేచి మబ్బులోకి ఎక్కేశాయి! మొండికేసిన నాలుగింటిని డ్రాగ్ చేసి ఒక్లహోమాలో పడేశాను.”

“వాళ్ళూరుకున్నారా?” అన్నాడు రఘు.

“వాళ్ళకి అసలే కరువు, దణ్ణం పెట్టారు! ఇప్పుడు కౌంటీ కౌంటీ నా పేరు తల్చుకునే విత్తనం వేస్తోంది. ఇదిగో మ్యాప్, చూసుకోండి.”

వసుమతి ఫోన్ అందుకుంది. చేను పచ్చగా మెరిసిపోతోంది. వేళ్ళతో మ్యాప్‌ని చిన్నది చేసింది. చేను చుట్టూ మంచుకొండలు తేలాయి.

“అన్నయ్యగారూ, లాంగిట్యూడ్ ముందు మైనస్ మర్చిపోయారు, పడమర కాస్తా తూర్పయింది. ఈ చేను టెక్సాస్‌లో లేదు, టిబెట్‌లో ఉంది.”

రఘుకి టీ పొలమారింది.

దివాకర్ ఫోన్ తీసుకుని, తుడిచి, జేబులో పెట్టుకున్నాడు.

“ఎక్కడైతేనేం వసుమతీ, పండిందా లేదా?”